పాప ఎప్పుడు నడుస్తుంది

ఆటలో కాలాన్ని ఆపితే ఎవరికీ నష్టం లేదని అందరూ అనుకుంటారు. తెర మీది మనుషుల ఆకలి నిజం కాదు, వాళ్ల నొప్పి నిజం కాదు. వాళ్ల వయసును పెంచినా నిలిపినా దాని ఫలితం తెర అంచు దాటి ఇవతలికి రాదని నమ్మకం. ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి మాత్రం వాదన కంటే ఒక ఇంటి సంగతి ఎక్కువగా పనికొస్తుంది.

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఇంటాయన లిఫ్టు మెకానిక్. వాళ్ల భవనానికి లిఫ్టు లేదు. ఇంటికి ఎవరొచ్చినా అతని తల్లి ముందుగా చెప్పే మాట ఇదే: "ఊరందర్నీ పైకీ కిందికీ తిప్పుతాడు మా వాడు. కన్నతల్లిని మాత్రం మెట్ల మీద నడిపిస్తాడు." స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన తరువాత ఆమెకు ఆ మెట్లు కూడా దూరమయ్యాయి. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని మంచం నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి కిటికీ దాకా నడవడమే ఆమెకు మిగిలింది. వేళాకోళం మాత్రం తగ్గలేదు.

పనిచేసినన్నాళ్లూ ఆమె పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో ఆయా. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పొద్దున్నే అప్పగించి సాయంత్రం తీసుకుపోయే పిల్లలను పెంచింది. ఏ బిడ్డకు ఎప్పుడు మెడ నిలబడాలో, ఎప్పుడు బోర్లా పడాలో, ఎప్పుడు పట్టుకుని లేచి నిలబడాలో ఆమెకు ఆలోచించకుండానే తెలుసు. కిటికీలోంచి చూస్తూ, వీధిలో పోయే పిల్లల నడకను బట్టి వాళ్ల నెలలు చెప్పేది. తన ఇంట్లో మనవడో మనవరాలో లేరన్న మాటను మాత్రం కోడలి ముందు ఎన్నడూ ఎత్తలేదు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి కొడుకూ కోడలూ అలసిపోయిన రోజుల్లో కూడా ఎత్తలేదు. ఆ మౌనాన్ని ఓర్పు అనాలో, భయం అనాలో చెప్పడం కష్టం. రెండూ కలిసే ఉండవచ్చు.

మెకానిక్ ఇంకో తీరు మనిషి. తాళం వేసి రెండు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి తాళం లాగి చూస్తాడు. పొయ్యి కట్టేశామా అని వీధి మలుపు దగ్గర ఆగుతాడు. ఈ లక్షణం పనిలో అతనికి మంచి పేరు తెచ్చింది. ఇంట్లో నిద్ర పోగొట్టింది. తల్లి పడిన రోజు తాను స్నానాల గది నేలను తుడవకుండా వెళ్లానన్న ఆలోచన అతన్ని వదలలేదు. నిజానికి ఆ నేల పొడిగానే ఉందని భార్య ఎన్నిసార్లు చెప్పినా అతనికి ఎక్కలేదు.

ఆ రోజుల్లో బావమరిది కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతది వీళ్లింట్లో పడేసి వెళ్లాడు. అందులో ఒక ఆట ఉంది. మనుషులను తయారుచేసి, ఒక ఇంట్లో పెట్టి, వాళ్లను వండించి, నిద్రపుచ్చి, పనికి పంపి, చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడించే ఆట. గెలుపు లేదు, ఓటమి లేదు, బతుకు ఉంటుంది. తల్లికి కాలక్షేపం అవుతుందని మెకానిక్ అందులో తమ ఇంటినే కట్టాడు. తనను చేశాడు, భార్యను చేశాడు. తల్లిని జుట్టు ముడితో సహా, గడ్డం మీది పుట్టుమచ్చతో సహా చేశాడు. తెర మీది తల్లికి తుంటి బాగానే ఉంది. ఆమె మొక్కలకు నీళ్లు పోస్తుంది, మెట్లు దిగి వీధిలోకి పోతుంది, చెరువులో ఈత కూడా కొడుతుంది.

"నాకు ఈత రాదు కదరా!" అంది తల్లి మొదటిసారి చూసి.

"అందులో వచ్చమ్మా."

"అలాగైతే ఇంకాసేపు ఉండనీ. అప్పుడే ఒడ్డుకు లాగకు."

సాయంత్రం అతను పని నుంచి రాగానే ఆమె అడిగేది, "ఇవాళ నేనేం చేస్తానురా?" అని. ముగ్గురూ టీ తాగుతూ తెర ముందు కూర్చునేవారు. ఆ ఇంట్లో అది మంచి కాలమే.

ఆటలో ప్రతి మనిషికీ ఒక వయసు గీత ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది నిండుతుంది. ముసలివాళ్ల గీత నిండిన తరువాత ఇక ఏ రోజైనా గేటు దగ్గరకు తెల్ల గొడుగు పట్టుకున్న మనిషి వస్తాడు. పిలుపు అందినవాళ్లు చేతిలోది కింద పెట్టి అతని వెంట వెళ్లిపోతారు. అంతే, మళ్లీ రారు. మెకానిక్ ఈ సంగతి ఆట సూచనల్లో చదివాడు. తల్లి గీత చూస్తే అప్పటికే నిండిపోయి ఉంది. అతను వెంటనే సెట్టింగుల్లోకి వెళ్లి, వయసు పెరగడాన్ని ఆపే మీట వెతికి ఆపేశాడు. ఆ మీట ఒక్కటే, ఊరంతటికీ కలిపి. దాన్ని ఆపితే ఎవరికీ వయసు పెరగదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత విషయం అనిపించలేదు.

పాప వచ్చింది ఆ తరువాతే. తెచ్చింది భార్య. ఆమె మందుల దుకాణంలో పనిచేస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. ఒక సాయంత్రం మెకానిక్ తల్లికి కాళ్లు ఒత్తుతుంటే, ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఏవో రెండు నొక్కులు నొక్కింది. మరుసటి వారం తెర మీది ఇంట్లో ఊయల కనబడింది. ముగ్గురూ దాన్ని చూశారు. మొదట మాట్లాడింది అత్తగారు.

"అమ్మాయ్, తల కింద చెయ్యి పెట్టమని చెప్పు వాడికి. ఎత్తుకోవడం చూడు, సంచీ ఎత్తినట్టు!"

ఇన్నేళ్లూ ఆ ఇంట్లో పలకని మాటలన్నీ ఆ రోజు నుంచి పలికాయి. పాలు చాలాయా, ఎండ తగిలిందా, ఊయల కిటికీకి దగ్గరగా ఎందుకుంది అంటూ తల్లి రోజంతా చెప్పేది. కోడలు నవ్వుతూ సమాధానం ఇచ్చేది. నిజమైన బిడ్డ గురించి మాట్లాడలేని ఇద్దరు మనుషులు లేని బిడ్డ గురించి అంత తేలిగ్గా ఎలా మాట్లాడగలిగారో మెకానిక్‌కు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. మాటలు ఆగిపోతాయేమోనని భయపడ్డాడు.

వారాలు గడిచాయి. పాప బోర్లా పడడం లేదు.

"మెడ నిలబడింది. చూపు నిలుస్తోంది. మరి బోర్లా పడదేంరా?"

"ఆటలో అంతేనమ్మా, నెమ్మది."

"పక్కింటి కుక్కపిల్ల కూడా అలాగే ఉంది, చూశావా? ఆ ఊరి నీళ్లలోనే ఏదో ఉంది."

మొదట అది వేళాకోళమే. తరువాత కాదు. పాపకు పాలు పెంచమంది. ఊయల ఎత్తు తగ్గించమంది. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్లమంది. మెకానిక్ తెర మీది పాపను తెర మీది ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తెర మీది డాక్టరు పాపను చూసి నవ్వాడు. పాప తల మీద, అంతా బాగుందన్నట్టు, ఆకుపచ్చ గుర్తు మెరిసింది.

"చూశావా అమ్మా, డాక్టరు నవ్వాడు. ఏమీ లేదు."

"ఏం చెప్పాలో తెలీనప్పుడే నవ్వుతారు డాక్టర్లు. నాకు తెలుసు."

ఆమె తిండి తగ్గింది. పొద్దున్న కిటికీ దగ్గరకు పోవడం మానేసింది. వీధిలో పిల్లలను చూస్తే బెంగ పెరుగుతుందంది. తాను పనిచేసిన కేంద్రంలో ఒక బిడ్డ ఉండేదనీ, ఎదగడం లేదని తాను అందరికంటే ముందు గుర్తుపట్టినా తల్లికి చెప్పడానికి జంకి ఆలస్యం చేశాననీ కోడలితో చెప్పింది. ఆ బిడ్డ ఏమైందని కోడలు అడగలేదు. మందుల దుకాణం నుంచి తెచ్చిన యంత్రంతో రక్తపోటు చూస్తే ఎప్పుడూ ఉండే అంకె కంటే బాగా పైన ఉంది.

వంటగదిలో భార్య గొంతు తగ్గించి అడిగింది. "ఏమండీ, ఆ పాప నిజంగా ఎందుకు పెరగట్లేదు?"

అప్పుడు మీట సంగతి చెప్పాడు. ఆమె చాలాసేపు గిన్నె కడుగుతూనే ఉంది.

"అంటే, తిప్పితే పాప పెరుగుతుంది, అత్తయ్య పోతారు."

"పోవచ్చు. ఏ రోజో తెలీదు. అమ్మ కళ్ల ముందే తెర మీద అమ్మ గేటు దాటి పోతుంటే నేనేం చెప్పను?"

"ఇప్పుడేం చెబుతున్నారు? నీళ్లలో ఏదో ఉందని నమ్మనిస్తున్నారు."

అతని దగ్గర ఒక ఉపాయం ఉంది. ఈ ఆటను ఏ క్షణం దగ్గరైనా భద్రపరిచి, ఆ తరువాత జరిగింది నచ్చకపోతే పారేసి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. తల్లి భోజనం చేసి లోపలి గదిలో పడుకున్న ఒక సెలవు మధ్యాహ్నం, అతను శబ్దం కట్టేసి కూర్చున్నాడు. ఆటను భద్రపరిచాడు. మీట తిప్పాడు. పాప నడిచే వయసుకు రావడానికి ఆటలో కొద్ది రోజులు చాలు. ఆ కొద్ది రోజులు గొడుగు మనిషి రాకుండా ఉంటే చాలు.

మొదటిసారి గొడుగు మనిషి ఉదయమే వచ్చాడు. తల్లి మొక్కలకు నీళ్లు పోస్తోంది. గొట్టం కింద పెట్టి, కొళాయి అలాగే వదిలేసి వెళ్లిపోయింది. మెకానిక్ అంతా పారేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆమె పాపకు పాలు పడుతోంది. సీసా బల్ల మీద పెట్టి లేచింది. మరోసారి మెట్లు ఎక్కుతూ సగంలో తిరిగింది. మరోసారి చెరువు నుంచి తడి బట్టలతో వెళ్లింది. ప్రతిసారీ తెర మీది కొడుకు మెట్టు మీద కూలబడి, ఆ రోజంతా అక్కడే కూర్చునేవాడు. ఆటను అలా రాశారు. కుర్చీలో ఉన్న కొడుకుకు కూర్చునే తీరిక లేదు. వెనక్కి పోయి తల్లిని మళ్లీ తెచ్చుకోవాలి. తెచ్చుకున్న తల్లి ఎప్పటిలాగే చెయ్యి ఊపుతుంది. లోపలి గదిలోంచి అసలు తల్లి గురక వినబడుతోంది. అది కాస్త ఆగితే అతను లేచి గుమ్మం దాకా వెళ్లి చూసి వచ్చేవాడు.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోగలిగితే దుఃఖం ఉండదని మనం ఊహిస్తాం. అతని అనుభవం వేరు. తిరిగి వస్తుందని తెలిసినా ప్రతిసారీ భయం మొదటిసారంతే ఉంది. తేడా ఏమిటంటే, అది ముగిసేది కాదు.

చివరికి ఒకసారి గొడుగు రాలేదు. తెర మీద సాయంత్రం, పాప ఊయల అంచు పట్టుకుని లేచింది, దిగింది, ఒక అడుగు వేసింది. తెర మీది తల్లి పక్కనే కుర్చీలో నిద్రపోతోంది. మెకానిక్ మీట ఆపి, ఆటను భద్రపరిచి, చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పాప నడవడం చూసి తల్లి చప్పట్లు కొట్టింది. "అదిగో! అడుగు ఎంత చక్కగా పడుతోందో!" అని కోడలి భుజం పట్టి ఊపింది. టీ చల్లారేదాకా చూసింది. తరువాత ఆమె ముఖం మారింది.

"మొదటి అడుగు ఎప్పుడేసింది?"

"మధ్యాహ్నం."

"నేనెక్కడున్నాను?"

"పక్కనేనమ్మా. కుర్చీలో."

"మేలుకునే ఉన్నానా?"

అబద్ధం చెప్పవచ్చు. అతనికి అది తోచలేదు. "నిద్రపోతున్నావు."

"మరి లేపలేదేంరా నన్ను? ఎంతమంది పిల్లల మొదటి అడుగు వాళ్ల తల్లుల కంటే ముందు చూశాను నేను! ఈ ఒక్క పిల్లది చూడకుండా చేశావు." ఆమె ఊతకర్ర అందుకుని, మంచం దాకా ఒక్కతే వెళ్లి, గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండు రోజులకు కోపం తగ్గింది, ప్రశ్న మారింది. "బడికెప్పుడురా?" అని. మెకానిక్‌కు మళ్లీ ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అదే వారం పనిలో ఒక సంగతి జరిగింది. అతని జోడీ పనివాణ్ణి అందరూ "తొందర" అంటారు. పేరు పెట్టినవాళ్లు తప్పు చేయలేదు. ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు బ్రేకు చూడడానికి వెళ్లారు. కరెంటు తీసే ముందు ప్రతి అంతస్తు తలుపు దగ్గరా నిలబడి, "లిఫ్టు ఆపుతున్నాం, లోపలెవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడగడం వాళ్ల పద్ధతి. తొందర అడగకుండానే తీసేశాడు. అంతస్తుల మధ్య నుంచి ఎవరో తలుపు బాదుతున్న చప్పుడు వచ్చింది.

మెకానిక్ పరుగున వెళ్లి తలుపు సందుకు నోరు ఆనించాడు. "భయపడకండి! ఆగిన లిఫ్టంత భద్రమైన చోటు లేదు. తాళ్లున్నాయి, బ్రేకుంది. కదలకుండా ఉండండి చాలు."

లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది. "భద్రంగానే ఉన్నానయ్యా, పడిపోతానని కాదు నా భయం. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో, ఎంతసేపో, ఒక్కరైనా చెప్పరేం? నేను మూటనా?"

ఆవిడను దింపిన తరువాత అతను తొందరను ఎప్పుడూ తిట్టనంతగా తిట్టాడు. "లోపలున్న మనిషికి చెప్పకుండా ఆపడానికి నువ్వెవడివి?"

"అన్నా, ఆవిడకేమైందని? దెబ్బ తగల్లేదు కదా! రెండు నిమిషాలు చల్లగా నిలబడింది."

మెకానిక్ పానా అందుకుని బ్రేకు వైపు తిరిగాడు. తొందర బెదిరిపోయి ఆ రోజు ప్రతి మర నెమ్మదిగా బిగించాడట.

ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే తల్లి కుర్చీ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మీట సంగతి, గీత సంగతి, గొడుగు మనిషి సంగతి చెప్పాడు. భార్య వంటగది గుమ్మంలో నిలబడింది.

"నాకు వయసైపోయిందని ఆ డబ్బాకి ఎవరు చెప్పారు?" అంది తల్లి మొదట, నవ్వుతూ.

"గీత నిండిందమ్మా."

"ఎప్పుడు?"

"పాప పుట్టకముందే."

ఆమె నవ్వు ఆగిపోయింది. "అంటే ఇన్నాళ్లూ ఆ పసిది మంచాన పడి ఉన్నది నా మూలంగానా? నీళ్లన్నాను, పాలన్నాను, కడుపున పుట్టినవాడికి ఎత్తుకోవడం రాదన్నాను. అడ్డం నేనా?"

"నువ్వు కాదమ్మా. నేను."

"నన్ను అడిగావా? ఎవరి బిడ్డనైనా ఎదగకుండా పట్టుకో, నీకు ఇంకొన్నాళ్లు ఇస్తాం అంటే నేను సరేననే మనిషినా? ఏం అనుకున్నావురా నా గురించి?"

ఆమే మళ్లీ అడిగింది. "మరి పాప నడిచింది కదా. అదెలా?"

చెప్పాడు. చెబుతూ ఎన్నిసార్లన్న మాట దగ్గర ఆగిపోయాడు. ఆమె అతని ముఖం చూసి గ్రహించింది.

"నేను పోవడం చూశావా?"

అతను తల ఊపాడు.

"ఎలా పోయాను?"

"అమ్మా..."

"అడుగుతున్నాను కదా. నా సంగతే కదా."

"ఒకసారి మొక్కలకు నీళ్లు పోస్తూ."

"కొళాయి కట్టేశానా?"

"లేదు."

"అయితే అది నేను కాదు. కొళాయి కట్టకుండా నేనెక్కడికీ పోను." అని, ఆమె చేత్తో అతని తల మీద మెల్లిగా ఒక మొట్టికాయ వేసింది. "పిచ్చివాడా. ఒక్కడివే కూర్చుని అదంతా చూశావా?"

భార్య గుమ్మంలోంచి ముందుకు వచ్చింది. "అయితే ఇప్పుడేం చేద్దాం అత్తయ్యా? తిప్పమంటారా?"

"నేను చెప్పను. నేను తిప్పమంటే, ఏమైనా జరిగినప్పుడు అమ్మ మాట విన్నాననుకుంటాడు; వద్దంటే, పాప అలాగే ఉంటే అమ్మ కోసమే అనుకుంటాడు. రెండూ నాకొద్దు. ఆపినవాడు వాడు. వాడే చూసుకోవాలి. నాకు చెప్పి చేస్తే చాలు."

ఆ తరువాతి రోజుల్లో అతను ఆటను తెరవలేదు. తాళం లాగి చూడడం ఎక్కువైంది. ఒకరోజు వీధి మలుపు దాకా వెళ్లి, పొయ్యి కోసం వెనక్కి వచ్చి, పొయ్యి చూడకుండా తల్లిని చూసి వెళ్లాడు. ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కింద ఎవరి బిడ్డకో నెలలు లెక్కకడుతోంది.

వారం సెలవు రోజు ఉదయం అతను తల్లి కుర్చీని కంప్యూటరు బల్ల పక్కకు జరిపాడు. భార్య దుకాణానికి ఆలస్యంగా వస్తానని చెప్పి ఇంకో పక్కన కూర్చుంది. అతను భద్రపరిచిన పాత కాపీలను ఒక్కొక్కటే తుడిచేశాడు. తుడిచే ముందు ప్రతిదీ ఏమిటో పైకి చెప్పాడు. వెనక్కి పోయే దారి ఇక లేదని కూడా చెప్పాడు. తరువాత, "అమ్మా, వయసు మీట తిప్పుతున్నాను" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. తిప్పాడు.

ఆ ఉదయం పాప పెరిగి, వీపున సంచీ తగిలించుకుని బడికి వెళ్లింది. పక్కింటి కుక్కపిల్ల పెద్దదయింది. తెర మీది కొడుకుకు చెవుల దగ్గర జుట్టు నెరిసింది. దాన్ని చూసి భార్య నవ్వింది. గొడుగు మనిషి ఆ రోజు రాలేదు. భోజనాల వేళకు అతను కంప్యూటరు కట్టేశాడు. మీటను మాత్రం మళ్లీ ఆపలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో తల్లి మేలుకుని, పక్కన కూర్చుని ఉన్నప్పుడే ఆట తెరుస్తారు. ఆమె నిద్రపోతే కట్టేస్తారు. తెర మీద ఆమె మొక్కల దగ్గరకు వెళ్లినప్పుడల్లా అతని చూపు గేటు మీదికి పోతుంది. అతను ఆటను ఆపడు, చూస్తాడు.